ఏడాది పొడవునా వెళ్ళవచ్చు

ధవళేశ్వరం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిన రోజు ఉదయం వెంకటదుర్గ ఎప్పటిలాగే ఆ ఊరినుంచి షేర్ ఆటో ఎక్కి రాజమండ్రి వెళ్ళింది. దానవాయిపేటలో ఒక బట్టల కొట్టు పైనున్న మేడ ఎక్కి, తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, తన కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆ ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పడం ఆమెకెప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. "మెక్సికో దేశంలో పల్లెటూళ్ళ గురించి రాస్తానండి" అని ఓసారి పెళ్ళిలో చెబితే, పెద్దత్తగారు పక్కావిడ వైపు తిరిగి, "మన ఊళ్ళ గురించి రాసేవాళ్ళు లేరు గానీ" అని నవ్వారు. దుర్గ కూడా నవ్వేసి ఊరుకుంది. జాగ్రఫీలో పీజీ చేసి, టీచరు పోస్టు కోసం చూసి చూసి విసిగిపోయాక దొరికిన పని అది. ఎక్కడో విదేశంలో ఉన్న ప్రయాణాల వెబ్‌సైటు ఒకటి మెక్సికోలోని ప్రతి చిన్న పల్లెకూ ఒక పేజీ పెట్టాలనుకుంది. పాతిక ఇళ్ళున్నా సరే, ఆ ఊరు ఎక్కడుంది, సముద్రమట్టానికి ఎంత ఎత్తు, చుట్టూ ఏ కొండలున్నాయి, ఎండలు ఎలా ఉంటాయి, దగ్గర్లో ఏ పట్నం ఉంది, ఎలా వెళ్ళాలి అన్నీ ఉండాలి. ఆ పని చేతులు మారి మారి హరిబాబు దగ్గరికి వచ్చింది. ఆయన మేడ మీద రెండు గదులు తీసుకుని అరడజను మందిని పెట్టుకున్నాడు. అందరికంటే ముందు చేరింది దుర్గ. మిగతావాళ్ళకు పని నేర్పిందీ ఆమే.

పేజీలో ఏ గడీ ఖాళీగా వదలకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. జనాభా, ఎత్తు, వాన లెక్కలు ప్రభుత్వ పట్టికల్లో దొరికేవి. చివర్లో "ఏ కాలంలో వెళ్ళవచ్చు" అని ఒక గడి ఉండేది. దానికి మాత్రం ఎక్కడా ఏమీ దొరికేది కాదు. ఉపగ్రహం తీసిన బొమ్మలో కొండల మధ్య సన్నటి గీత కనిపించేది, అంతే. చేరిన కొత్తలో దుర్గ హరిబాబును అడిగితే, ఆయన తల గోక్కుని, "ఎవరికీ నష్టం లేని మాటేదో రాసెయ్యండి దుర్గ గారూ" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, "చిన్న వాహనాలు ఏడాది పొడవునా వెళ్ళవచ్చు" అని రాసింది. వెబ్‌సైటు కంపెనీవాళ్ళ తనిఖీలో అది ఏ అభ్యంతరమూ లేకుండా దాటింది. అప్పటినుంచి గడి ఖాళీగా కనిపిస్తే చాలు, ఆఫీసులో అందరూ అదే వాక్యం రాసేవారు. పక్క కుర్చీలో కూర్చునే మెర్సీకైతే అది నోటికి కూడా వచ్చు. పని చేస్తూ చేస్తూ కూనిరాగంలా పాడేది.

ఆ ఉదయం దుర్గ కంప్యూటర్ తెరవగానే ఒక ఫిర్యాదు వచ్చి ఉంది. ఫిర్యాదులు అప్పుడప్పుడు వచ్చేవే. ఊరి పేరులో అక్షరం తప్పనో, చర్చి ఫలానా చోట లేదనో. దీనికి ఫోటో జత చేసి ఉంది. మట్టి రంగు నీళ్ళలో, విరిగిన కొమ్మల మధ్య, తెల్ల వ్యాను ఒకటి పక్కకు ఒరిగి ఉంది. కింద స్పానిష్‌లో నాలుగు ముక్కలు. దుర్గ వాటిని ఇంగ్లీషులోకి మార్చుకుని చదివింది.

సాంతా ఒలాయా పేజీ రాసినవారికి. మా ఊరికి వాగులోంచి దారి వానాకాలంలో ఉండదు. అప్పుడు కొండ మీది దారినే రావాలి. టీకాల వ్యాను డ్రైవరు ఈ ప్రాంతానికి కొత్త. మీ పేజీ చూసి వాగులో దిగాడు. అతను చెట్టు పట్టుకుని బతికాడు. నర్సు నొయెమీ బతకలేదు. ఆ మాట తీసేయండి. ఎలొయీసా, బడి పంతులమ్మ. కింద ఫోన్ నంబరు.

దుర్గ మళ్ళీ చదివింది. తర్వాత సాంతా ఒలాయా పేజీ తెరిచింది. చివరి గడిలో ఆ వాక్యం ఉంది. పేజీ అడుగున ఆమె లాగిన్ పేరు ఉంది.

"దుర్గక్కా, టీ చల్లారిపోతోంది" అంది మెర్సీ. జవాబు రాకపోయేసరికి కుర్చీ జరుపుకుని వచ్చి తెర మీదకు వంగింది. చదవడం పూర్తయ్యాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో ప్రభువా" అంది.

హరిబాబు చెడ్డవాడు కాదు. వరదలప్పుడు లోతట్టు ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకు తనే ఫోన్ చేసి "ఇంటి దగ్గరే ఉండండమ్మా" అని చెప్పే మనిషి. కానీ ఆ ఫోటో చూడగానే గది తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"వాళ్ళు మన పేజీ చూసే వెళ్ళారని రుజువేంటండి?"

"ఆవిడ చెబుతోంది కదా సార్."

"ఆవిడ చెప్పిందే అనుకోండి. డ్రైవరుకి కళ్ళు లేవా? ఎదురుగా నీళ్ళు కనిపిస్తుంటే ఫోన్ చూసుకుంటూ దిగుతాడా ఎవడైనా?" ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నేను ఆ నర్సు గురించి బాధపడటం లేదనుకోకండి. కానీ ఇది కంపెనీ దాకా వెళ్ళిందంటే మనకు పని ఉండదు. మీరు ఆ వాక్యం మార్చేసి, ఫిర్యాదు పరిష్కరించాం అని మూసేయండి. చాలు" అన్నాడు.

దుర్గ వచ్చి వాక్యం మార్చింది. వానాకాలంలో వాగు దాటవద్దు, కొండ దారిన వెళ్ళండి అని రాసి పంపింది. మార్పు తనిఖీకి వెళ్ళిందనీ, రెండు మూడు వారాల్లో కనిపిస్తుందనీ తెర మీద వచ్చింది. అంతవరకు పాత మాటే ఉంటుంది. వేరే చోట ఏమైనా దొరుకుతుందేమోనని ఊరి పేరు కొట్టి వెతికితే, ఆమె ఎన్నడూ వినని సైట్లలో కూడా తన వాక్యమే, ఒక్క అక్షరం మారకుండా కనిపించింది. ఒకరిని చూసి ఒకరు ఎత్తిరాసుకున్నారు. ఊరికి వెళ్ళొచ్చినవాడు మాత్రం అందులో ఒక్కడూ లేడు.

మరునాటికి గోదావరి రెండో హెచ్చరికకు చేరింది. దుర్గ భర్త గణేష్‌బాబు ఇరిగేషన్ ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు. వరద రోజుల్లో ఇంటికి రావడం ఉండదు. సాయంత్రం దుర్గ క్యారేజీ సర్దుకుని గట్టు మీదకు నడిచింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. నీళ్ళ హోరుకు పక్కనున్న మనిషి మాట వినిపించడం లేదు. గణేష్‌బాబు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. జీపు పక్కన నిలబడే గిన్నె విప్పి తింటుంటే, ఆమె జరిగిందంతా చెప్పింది.

అతను ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎప్పుడు జరిగిందది?"

"పోయిన వారం."

"లంకలవాళ్ళకి పొద్దుటినుంచి మైకులో చెబుతూనే ఉన్నాం. కాజ్‌వే మీదకు నీళ్ళొచ్చాయి, దాటొద్దని. అయినా మోటార్‌సైకిల్ మీద ఒకడు దిగబోతే కాలరు పట్టుకుని లాగారు మావాళ్ళు. చెప్పినా వినేవాళ్ళు తక్కువ. అందులో నీ తప్పేముంది అనాలనే ఉంది నాకు." అతను ఆమె ముఖంలోకి చూశాడు. "కానీ నువ్వు వెళ్ళమని రాశావు కదే."

"గడి ఖాళీగా ఉండకూడదండి" అంది దుర్గ. బయటికి అన్నాక ఆ మాట ఎంత చిన్నదో ఆమెకు తెలిసింది. గణేష్‌బాబు చెయ్యి కడుక్కుని, ఆమె భుజం మీద ఓసారి తట్టి, ఎవరో పిలిస్తే పరుగెత్తాడు.

ఆమె అక్కడే గట్టు మీద సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఇక్కడ పొద్దు గూకే వేళకు అక్కడ తెల్లవారుతుందని ఆమెకు తెలుసు. ఫోన్ తీసి, మాటల్ని మార్చి పలికే యాప్ తెరిచి, ఆ నంబరుకు వీడియో కాల్ చేసింది. ఎత్తకపోతే బాగుండునని మనసులో ఒక మూల అనుకుంది.

ఎత్తింది. నడివయసు మనిషి, జుట్టు వెనక్కి లాగి ముడి వేసుకుంది. వెనక నీలం రంగు గోడ, గోడకు పిల్లలు వేసిన బొమ్మలు.

"నా పేరు దుర్గ. మీ ఊరి పేజీ రాసింది నేనే. ఇండియా నుంచి మాట్లాడుతున్నాను" అంది. ఫోన్ ఆ మాటల్ని మరో గొంతుతో, మరో భాషలో పలికింది. ఎలొయీసా ఆ గొంతు ఆగేవరకు కదలకుండా వింది.

"ఇండియాలో కూర్చుని రాశారా?" అని అడిగింది. "మా ఊరికి ఎప్పుడైనా వచ్చారా?"

"లేదండి."

"వచ్చినవాళ్ళెవరినైనా అడిగారా?"

"లేదు."

ఎలొయీసా తల ఊపింది. తిడుతుందేమోనని దుర్గ చూసింది. ఆవిడ తిట్టలేదు. నొయెమీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఈ ఊరికి రావడం అదే మొదటిసారి. దూరపు రాష్ట్రం నుంచి ఉద్యోగం మీద వచ్చింది. టీకాలకని బళ్ళో పిల్లలందరికీ స్నానాలు చేయించి, వరసలో నిలబెట్టి, ఎలొయీసా చీకటిపడే దాకా ఎదురుచూసింది. దారి తప్పి ఉంటారులే అనుకుంది. మరునాడు గొర్రెలు కాసేవాళ్ళు వచ్చి చెప్పారు.

"మీకు వరద అంటే ఏంటో తెలుసా?" అంది చివరికి.

దుర్గ ఫోన్ తిప్పి, ఎదురుగా ఉన్న నదిని చూపించింది. ఎర్రటి నీళ్ళు అవతలి ఒడ్డు కనిపించనంత వెడల్పున, గేట్ల కింద నురగలు కక్కుతూ పోతున్నాయి. ఎక్కడిదో తాటిచెట్టు ఒకటి వేళ్ళతో సహా తిరుగుతూ కొట్టుకుపోతోంది. ఎలొయీసా చాలాసేపు చూసింది. మళ్ళీ దుర్గ ముఖం తెర మీదకు వచ్చాక నెమ్మదిగా ఏదో అంది. యాప్ దాన్ని పలికింది.

"అయితే మీకు తెలుసు. తెలిసి ఎలా రాశారు?"

దుర్గ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఎలొయీసా ఓదార్చలేదు. కాల్ కూడా పెట్టేయలేదు. ఆమె ఏడుపు తగ్గాక, "ఆదివారం నొయెమీ అమ్మా నాన్నా వస్తున్నారు. వాగు పక్కన శిలువ నిలబెడతారు. వాళ్ళకు దారి తెలియదు. ఫోన్ చూసే వస్తారు. వానలు ఇంకా తగ్గలేదు. ఆదివారంలోగా ఆ మాట అక్కడ ఉండకూడదు" అంది.

ఆ పని చేయడానికి ఒకటే దారి ఉంది. పేజీలు తనిఖీ చేసే కంపెనీ ఆవిడకు నేరుగా రాయాలి. ఆవిడ మెయిల్ చిరునామా దుర్గ దగ్గర ఉంది. హరిబాబును దాటి ఎవరూ కంపెనీకి రాయకూడదన్నది మాత్రం మొదటి రోజే చెప్పిన మాట.

మర్నాడు ఆఫీసులో మెర్సీకి తన ఆలోచన చెప్పింది. మెర్సీ నాన్న జ్ఞానప్రకాశం గారు మిషన్ స్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి, పక్షవాతం వచ్చి మంచం పట్టారు. తల్లి సూరమ్మ ఆయన్ని వదిలి గుమ్మం దాటలేదు. ఇంటికి ఆధారం మెర్సీ జీతమే.

"హరిబాబు గారితోనే రాయించొచ్చు కదా అక్కా. బతిమాలదాం. ఇద్దరం వెళ్దాం" అంది మెర్సీ.

ఇద్దరూ వెళ్ళారు. హరిబాబు చేతులు జోడించాడు. "ఆరు కుటుంబాలమ్మా. ఒక్క వారం ఆగండి, నేనే నిదానంగా చెబుతాను" అన్నాడు.

"ఆదివారమే వస్తున్నారు సార్."

"వాళ్ళకి ఆ టీచరుగారే ఫోన్ చేసి చెప్పుకుంటుంది కదండి!"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. దుర్గ తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. ఎలొయీసా చెబుతుంది నిజమే. వాళ్ళ వెనక వచ్చే చుట్టాలకు ఎవరు చెబుతారు? వచ్చే నెల వచ్చే ఇంకో డ్రైవరుకో? మధ్యాహ్నం మెర్సీ అన్నానికి వెళ్ళినప్పుడు, దుర్గ కంపెనీ ఆవిడకు ఉత్తరం రాసి పంపేసింది. ఫోటో కూడా జత చేసింది. మెర్సీ తిరిగి వచ్చాక చెప్పలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే చెప్పే ధైర్యం రాలేదు.

రాత్రికల్లా జవాబొచ్చింది. పేజీ తీసేశామనీ, సమాచారానికి కృతజ్ఞతలనీ. దాని కిందే ఇంకో ప్రశ్న ఉంది. ఇదే వాక్యం మీ ఆఫీసు నుంచి వచ్చిన చాలా పేజీల్లో ఉంది, దీనికి ఆధారం ఏమిటి?

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఉపగ్రహ చిత్రాలని రాయొచ్చు. దుర్గ వంటింట్లో నిలబడి, ఫోన్ చేతిలో పట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. చివరికి, "ఆధారం ఏమీ లేదు. నేనే కల్పించాను. మిగతావాళ్ళకూ నేనే నేర్పాను" అని రాసింది.

శనివారానికి వాళ్ళ ఆఫీసు రాసిన పేజీలన్నీ సైటులోంచి మాయమయ్యాయి. ఒప్పందం నిలిపేస్తున్నట్టు హరిబాబుకు తెలియజేశారు. ఆయన అందరినీ ముందు గదిలోకి పిలిచి, చదివి వినిపించాడు. గొంతు పెంచలేదు. "దుర్గ గారు నిజమే రాశారు. ఏదో ఒకటి రాసెయ్యమన్నది నేనే. ఇంక నేనేం చెప్పను" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందరూ దుర్గ వైపు చూశారు. మెర్సీ ఒక్కతే చూడలేదు. తన సొరుగులోని టిఫిన్ డబ్బా, చిన్న బైబిలు, దువ్వెన సంచిలో వేసుకుంది.

మెట్ల మీద దుర్గ ఆమె చెయ్యి పట్టుకుంది. మెర్సీ విడిపించుకుంది.

"నువ్వు చేసింది తప్పని నేననను అక్కా. మా నాన్నని అడిగినా అదే చెయ్యమంటారు. కానీ నేను పక్కనే ఉన్నాను కదా. పంపేశానని ఒక్క మాట చెప్పలేకపోయావా? మూడు రోజులు నీ డబ్బాలో కూర తిన్నాను." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "ఆ వాక్యం నేనూ రాశాను. నీకంటే ఎక్కువే రాసి ఉంటాను. నీ ఊరేదో నీకు తెలిసింది. నాకు ఏ ఊరని తెలుస్తుంది?"

సోమవారం ఉదయం ఎలొయీసా దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. నొయెమీ తల్లిదండ్రులు కొండ దారిన క్షేమంగా వచ్చారు. ఊరి మగవాళ్ళు ముందు రోజునుంచే మలుపు దగ్గర తాడు కట్టి కాపలా ఉన్నారు. ఆ కాపలాయే కాపాడింది. ఎందుకంటే వెనక వచ్చిన మేనమామ కారు వాగు వైపే తిరిగింది. అతని ఫోన్‌లో ఇంకేదో సైటు, అందులో అదే వాక్యం. "మీ పేజీ తీసేశారు, చూశాను. మిగతావి కూడా తీయించండి" అని మెసేజ్ ముగించింది. థాంక్స్ చెప్పలేదు. దుర్గ అది కోరుకోలేదు కూడా.

అప్పటినుంచి ఆమెకు అదే పని అయింది. గోదావరి తగ్గుముఖం పట్టింది. గణేష్‌బాబు ఇంటికి వచ్చి ఒక పగలంతా నిద్రపోయాడు. లంకల్లో బురద ఎత్తిపోసుకుంటున్నారు. దుర్గ రోజూ వంట ముగించుకుని కూర్చుని, ఆ వాక్యం ఉన్న సైట్లకు ఉత్తరాలు రాసేది. కొందరు తీసేశారు. కొందరు, ఫిర్యాదు అందిందని యాంత్రికమైన జవాబొకటి పంపి ఊరుకున్నారు. చాలాచోట్ల రాయడానికి చిరునామాయే లేదు. మెర్సీకి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. మెయిన్ రోడ్డులో చీరల షోరూంలో బిల్లు కౌంటర్లో చేరిందనీ, పొద్దస్తమానం నిలబడే ఉంటుందనీ ఎవరో చెప్పారు. హరిబాబు మేడ ఖాళీ చేశాడు. అక్కడ ఇప్పుడు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు నడుస్తున్నాయి.

దసరా ముందు ఒక ఆదివారం సాయంత్రం మెర్సీ ధవళేశ్వరం వచ్చింది. చర్చికి కట్టుకున్న తెల్ల చీర ఇంకా మార్చుకోలేదు. గుమ్మంలోనే నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"నాకు నిద్ర పట్టట్లేదక్కా" అంది. "కోపం తగ్గి రాలేదు నేను. నీకు చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉందని వచ్చాను."

దుర్గ ఆమెను లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. మెర్సీ ఫోన్ తీసి ఒక సైటు చూపించింది. ఆమె రాసిన ఊరు. చుట్టూ కొండలు, ఊరికి ముందు మెలికలు తిరిగిన నది. చివరి గడిలో అదే వాక్యం. కింద ఫిర్యాదుల పెట్టె లేదు, వ్యాఖ్య రాసే చోటు లేదు.

"ఎవరైనా పోయారో, బతికే ఉన్నారో చెప్పేవాళ్ళు లేరు" అంది మెర్సీ. "ఏమీ లేకపోతే ఏమీ జరగలేదనుకోవాలా? ఎవరూ చెప్పలేదనుకోవాలా?"

దుర్గ చాప పరిచింది. ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. సైటువాళ్ళకు రాయడం వృథా అని ఇద్దరికీ తెలుసు.

"చర్చి ఉంటుంది కదా అక్కా" అంది మెర్సీ ఉన్నట్టుండి. "ఎంత చిన్న ఊరైనా చర్చి ఉంటుంది. ఇప్పుడక్కడ ఆదివారం పొద్దున. ఆరాధనకు జనం వస్తారు."

వెతగ్గా వెతగ్గా ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్న చర్చి నంబరు ఒకటి దొరికింది. మెర్సీ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోన్ చాప మీద ఉంచింది. దుర్గ తన ఫోన్‌లో మాటలు మార్చే యాప్ తెరిచి పక్కన పెట్టింది. అవతల చాలాసేపు మోగింది. తర్వాత ఎవరో ముసలాయన ఎత్తి, "బ్వేనో?" అన్నాడు. ఆయన వెనక గంట మోగుతోంది, పిల్లలు ఏవో అరుస్తున్నారు.

మెర్సీ దుర్గ మణికట్టు గట్టిగా పట్టుకుంది. గొంతు సవరించుకుని, "అయ్యా, మీ ఊరి నది గురించి ఒక మాట అడగాలండి" అంది.